జనాభా రాజకీయాలు పేపరు తీసుకోనా వద్దా? ఇది లెక్కల సబ్జెక్టా, రాజకీయమా?

మద్దిలపాలెం_మూడోలైన్
అందరికీ నమస్తే. బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఈ ఏడాదే అయింది. పీజీలో జనాభా అధ్యయనాల వైపు వెళ్దామని ఉంది, ఒక సీనియర్ తను చదివిన చోట సిలబస్ పంపింది. మొదటి సగం నాకు తెలిసిన దారే, జననాల రేటు, మరణాల రేటు, లైఫ్ టేబుల్ (ఏ వయసువాళ్లు ఇంకా ఎన్నేళ్లు బతుకుతారో చూపే పట్టిక), అవి చూస్తే భయం లేదు. రెండో సగం తెరిచాక టెన్షన్ మొదలైంది. ఎమర్జెన్సీ, చైనాలో ఒక్క బిడ్డ చట్టం, నియోజకవర్గాల పునర్విభజన, కులగణన, వలస కూలీలు, ఇవన్నీ కలిపి "జనాభా రాజకీయాలు" అని ఒక పేపరు. ఇది తీసుకుంటే నేను స్టాటిస్టిక్స్ మనిషిగా మిగులుతానా, లేక టీవీ చర్చల్లో కూర్చునేవాళ్లలా తయారవుతానా? మా నాన్నైతే "జనాన్ని లెక్కపెట్టడానికి బడిపంతుళ్లున్నారు కదే, దానికి రెండేళ్ల చదువేంటి" అంటున్నారు. చదివినవాళ్లు, పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జగదాంబ_జంక్షన్
డేటా సైన్స్ చేసుకో తల్లీ. ఆరు నెలల్లో మధురవాడలోనో హైదరాబాదులోనో సీటు దొరుకుతుంది. మీ నాన్నగారు చెప్పిందే కరెక్టు.

లాసన్స్‌బే_సాయంత్రం
పై ఆయన మాటలకు కంగారు పడకు చెల్లీ. నేను ఈ సబ్జెక్టులోనే పీజీ చేశాను, వేరే రాష్ట్రంలో, ఎక్కడో పేరెందుకులే. ముందు దారులు చెప్తాను. ముంబై దేవనార్‌లో ఐఐపీఎస్, అంటే అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ ఉంది, 1956లో మొదలైంది, దేశంలో ఈ సబ్జెక్టుకు పెద్ద ఇల్లు అదే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నడిపించేది కూడా వాళ్లే. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో జనాభా అధ్యయనాల విభాగం ఉంది. మన ఊళ్లోనే ఆంధ్రా యూనివర్సిటీలో జనాభా పరిశోధన కేంద్రం ఉంది, కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే 18 కేంద్రాల్లో అదొకటి, ఆరోగ్య పథకాలు జిల్లాల్లో ఎలా నడుస్తున్నాయో వెళ్లి చూసి రాయడం వాళ్ల పని. రాజకీయం వైపు ఎక్కువ కావాలంటే ఢిల్లీ జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటర్ ఉంది, తిరువనంతపురంలో సీడీఎస్ (అభివృద్ధి అధ్యయనాల కేంద్రం) ఉంది.

ఇప్పుడు నా బాధ. నేను చదివిన చోట సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో ఆడమనిషికి సగటున ఎంతమంది పిల్లలన్నది, ఎలా కట్టాలో మూడు పద్ధతుల్లో నేర్పారు. 2.1 దగ్గర జనాభా నిలబడుతుందని నేర్పారు. ఆ 2.1 చేరడానికి ఎవరి కడుపు కోశారో రెండేళ్లలో ఒక్క రోజు కూడా మాట్లాడుకోలేదు. ఉద్యోగంలో చేరి సర్వేకి వెళ్లిన మొదటి వారంలోనే ఒక ముసలావిడ "మళ్లీ ఆపరేషన్ వాళ్లొచ్చారా" అని తలుపేసేసింది. అప్పుడర్థమైంది నాకు చెప్పని పేపరు ఏదో. నీకు చెప్తున్నారు, వదులుకోకు.

పాతగణాంకం
అమ్మాయ్, నేను ముప్ఫై రెండేళ్లు గణాంకాల శాఖలో చేసి రిటైరయినవాణ్ణి. మీ నాన్నగారితో ఒక విషయంలో ఏకీభవిస్తాను, లెక్కపెట్టేది బడిపంతులే. కానీ ఏం లెక్కపెట్టాలో పంతులు నిర్ణయించడు కదా. ఫారంలో ఏ ప్రశ్న ఉంటుంది, ఏది ఉండదు, అక్కడే రాజకీయమంతా ఉంది. మన దేశంలో దేశమంతా ఒకేసారి జనగణన మొదటిసారి జరిగింది 1881లో. కులాలన్నిటినీ లెక్కపెట్టి ప్రచురించిన ఆఖరి జనగణన 1931ది. ఆ తర్వాత ఎస్సీ, ఎస్టీ తప్ప మిగతా కులాల ప్రశ్న తీసేశారు. అంటే మనం బీసీల శాతం గురించి ఇన్నేళ్లుగా కొట్టుకుంటున్నది తొంభై ఏళ్ల నాటి అంకెల మీద. ఇప్పుడు మళ్లీ 2027 జనగణనలో కులం అడుగుతామన్నారు. ప్రశ్న తీసెయ్యడం రాజకీయం, మళ్లీ పెట్టడమూ రాజకీయమే.

అయితే ఒకటి. లైఫ్ టేబుల్ కట్టడం రానివాడు ఈ పేపరు చదివితే ఉపన్యాసాలు తప్ప ఏమీ రావు. నీకు స్టాటిస్టిక్స్ ఉంది కాబట్టి భయం లేదు.

గ్రూప్స్_గండం
నేను గ్రూప్ వన్‌కి మూడోసారి రాస్తున్నాను కాబట్టి ఇది నా ఏరియా 😅 పునర్విభజన సంగతి ఒక్క లెక్కతో చెప్తాను, అక్కా మీరే కట్టి చూసుకోండి.

1976లో 42వ సవరణతో లోక్‌సభ సీట్లను 1971 జనాభా లెక్కల మీద బిగించేశారు. కుటుంబ నియంత్రణ బాగా చేసిన రాష్ట్రాలకు సీట్లు తగ్గి శిక్ష పడకూడదని. 84వ సవరణ ఆ బిగింపుని 2026 తర్వాత వచ్చే మొదటి జనగణన దాకా పొడిగించింది. ఇప్పుడు జనగణన రిఫరెన్స్ తేదీ 2027 మార్చి 1. తేదీలు చూశారా, 2026 దాటగానే.

2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లు, దేశానిది 121 కోట్లు. 7 శాతం. 543లో 7 శాతం ఎంత? 38. మన రెండు రాష్ట్రాలకి కలిపి ఉన్నవి 25, 17, మొత్తం 42. అంటే ఉన్న సీట్లనే జనాభా ప్రకారం పంచితే నాలుగు పోతాయి. అదే లెక్కలో ఉత్తరప్రదేశ్ 80 నుంచి 90 దగ్గరికి వెళ్తుంది, బీహార్ 40 నుంచి 46, 47కి. ఇది 2011 అంకెలతో. కొత్త అంకెలు వస్తే తేడా ఇంకా పెరుగుతుంది. మనవాళ్లు "ఇద్దరు ముద్దు" అన్నందుకు ఇదీ బహుమతి.

జగదాంబ_జంక్షన్
గురూ ఇది మాత్రం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఇంకోవైపు కూడా చూడు. బీహార్‌లో ఒక ఎంపీకి మనకన్నా ఎక్కువమంది జనం. అక్కడ పుట్టిన కుర్రాడి ఓటు గాజువాక ఓటు కన్నా తక్కువ తూగాలా? వాడేం తప్పు చేశాడు? వాళ్లమ్మానాన్న అతన్ని కన్నారు, అంతేగా.

గ్రూప్స్_గండం
తప్పు అతనిది కాదు. అలాగని నెల్లూరు కుర్రాడిదీ కాదు. మెయిన్స్‌లో ఈ ప్రశ్న వస్తే నేను రెండు పక్షాలూ రాసి మధ్యలో నిలబడి వచ్చేస్తాను. కేంద్రం రాష్ట్రాలకిచ్చే డబ్బుల పంపకంలో కొంత సర్దారు, 15వ ఆర్థిక సంఘం 2011 జనాభాకి 15 శాతం తూకం ఇచ్చి, జనాభా తగ్గించిన రాష్ట్రాలకు విడిగా 12.5 శాతం పెట్టింది. సీట్లకి అలాంటి సర్దుబాటు ఏదీ కనిపెట్టలేదు ఇంకా.

నిజం_చెప్తా
అసలు సంగతి ఎవరూ మాట్లాడరేం. ఒక వర్గం వాళ్లు పనిగట్టుకుని పెంచుకుంటూ పోతున్నారు, మనం ఒక్కరితో ఆపేస్తున్నాం. ఇంకో ఇరవై ఏళ్లకి మనమే మైనారిటీ. ఈ కోర్సుల్లో ఇది చెప్పరు.

లాసన్స్‌బే_సాయంత్రం
చెప్తారండీ, మొదటి నెలలోనే చెప్తారు. మొదటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 1992-93లో, అప్పుడు ముస్లిం మహిళలకు సగటున 4.4 మంది పిల్లలు, హిందువులకు 3.3. 2019-21 సర్వేకి వచ్చేసరికి 2.36, 1.94. ఎవరిది ఎక్కువ తగ్గిందో మీరే తీసివేత చేసుకోండి. పైగా బీహార్ హిందూ కుటుంబాన్నీ కేరళ ముస్లిం కుటుంబాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, తేడా మతానిది కన్నా ఆడపిల్ల ఎన్నో తరగతి దాకా చదివింది, ఊళ్లో ఆసుపత్రి ఉందా అన్నదానిదే ఎక్కువని తెలుస్తుంది. మీరు చెప్పిన భయాన్ని ఎవరు ఎందుకు అమ్ముతారన్నది కూడా ఆ పేపర్లో ఒక పాఠమే.

నిజం_చెప్తా
సర్వేలన్నీ మేనేజ్ చేసినవే.

పాతగణాంకం
బాబూ, ఆ సర్వేల ఫారాలు పట్టుకుని ఎండలో తిరిగిన వాళ్లని నేను చూశాను. మేనేజ్ చేసే ఓపిక కూడా ఉండదు వాళ్లకి. ముందుకు పోదాం.

పెందుర్తి_ఏఎన్ఎం
రెండ్రోజులుగా చదువుతున్నాను, రాద్దామా వద్దా అనుకుంటూ. నేను ఏఎన్ఎంగా ఇరవై రెండేళ్లు చేశాను, ఇంకా చేస్తున్నాను. మీరంతా పైనుంచి చూస్తున్నారు, కింద నుంచి ఎలా ఉంటుందో చెప్తాను.

1996లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల టార్గెట్లు ఎత్తేశామన్నారు. మేం చేరేనాటికి టార్గెట్ అన్న మాట లేదు, ఈఎల్ఏ అనేవారు, "ఆశించిన స్థాయి". పేరు మారింది, మీటింగ్‌లో లేచి నిలబడి "ఈ నెల ఎన్ని కేసులు" అంటే సమాధానం చెప్పుకోవడం మారలేదు. కేసు అంటే మనిషి అని మర్చిపోయేంతగా అలవాటైపోతుంది. చలికాలంలో డీపీఎల్ క్యాంపు (ల్యాపరోస్కోపీతో ఆడవాళ్లకి ఆపరేషన్లు చేసే క్యాంపు) అంటే ఆ వారం ఇంట్లో నా మొహం ఎవరూ చూసేవారు కాదు. ఇద్దరు పిల్లలయ్యారా, రెండోవాడికి ఏడాది నిండిందా, అత్తని ఒప్పించు, మొగుణ్ణి ఒప్పించు, జీపెక్కించు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు. తెల్లారి ఆరింటికి ఏమీ తినకుండా వచ్చి, నేల మీద పరుపులు వేస్తే వరసగా పడుకునేవాళ్లు. సాయంత్రానికి జీపులో ఇంటికి.

మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ అయినవాళ్లే అని 2019-21 సర్వేలో ఉంది, దేశంలో ఎక్కువ మనదే. మగవాళ్లు? ఒక్క శాతం కూడా లేరు. మగవాళ్లది పదిహేను నిమిషాల పని, కుట్టు కూడా ఉండదు. ఎంతమందికి చెప్పానో, "బరువులెత్తే మనిషి, బలం పోతుంది" అంటారు. బరువులు ఆడవాళ్లు ఎత్తరు కాబోలు.

చెడ్డపని చేశానని అనడం లేదు. వాళ్లలో చాలామంది "అక్కా ఎప్పుడు చేయిస్తావ్" అని నా వెంట పడినవాళ్లే. మూడో కాన్పుకి రక్తం లేక పోయినవాళ్లని నేను కళ్లారా చూశాను. కానీ మధ్యలో వాడుకునే మాత్రలు, ఇంజెక్షన్, కాపర్ టీ, వీటి గురించి తీరిగ్గా కూర్చుని చెప్పే టైము మాకెవరూ ఇవ్వలేదు, వాటికి ఎవరూ అంకె అడగలేదు కూడా. అడిగిన అంకెకే పని జరుగుతుంది. 2014లో ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్ దగ్గర ఒక్క పూటలో 80కి పైగా ఆపరేషన్లు చేసి పదమూడు మంది పోయినప్పుడు నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. క్యాంపులు ఆపమని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది.

ఇప్పుడేమో ఎక్కువ కనండి అంటున్నారు. మా ఏరియాలో ఆపరేషన్ అయిన ఒక అమ్మాయి "అక్కా, ఇప్పుడు మళ్లీ ముడి విప్పుతారా ఏంటి" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మద్దిలపాలెం_మూడోలైన్
అక్కా... మా అమ్మకి ఇరవై రెండేళ్లకి చేశారు. ఇవాళే అడిగాను. ఇన్నాళ్లూ అడగాలని తోచలేదు.

లాసన్స్‌బే_సాయంత్రం
పెందుర్తి అక్క రాసింది చదివాక నా పీజీ సర్టిఫికెట్ తిరిగిచ్చేయాలనిపిస్తోంది. మగవాళ్ల సంగతి మీద ఒక్క మాట. ఎమర్జెన్సీలో 1976-77 ఒక్క ఏడాదిలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లయ్యాయి, అందులో ఎక్కువ మగవాళ్లవే. బలవంతాలు, 1977లో ఇందిరాగాంధీ ఓటమి, ఆ దెబ్బకి మగవాళ్ల ఆపరేషన్ మీద గట్టిగా పట్టుబట్టడానికి ప్రభుత్వాలు జంకాయి. బరువంతా ఆడవాళ్ల మీదకి జరిగింది. మగవాడి కోపం ఓటయింది, ఆడవాళ్ల కోపం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంకో సంగతి, మన రాష్ట్రం పుస్తకాల్లో ఒక పొడుపు కథ. చదువు పెరిగితే పిల్లలు తగ్గుతారని అందరూ కేరళని చూపించేవారు. 1991లో ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్ల అక్షరాస్యత 33 శాతమే. అయినా 1992-93లో 2.6 ఉన్న రేటు 2005-06కి 1.8కి పడిపోయింది. ఎలా? రెండు రూపాయల బియ్యమనీ, డ్వాక్రా సంఘాలనీ, సినిమాలనీ రకరకాలుగా చెప్పేవారు మా క్లాసులో. అక్క చెప్పిన జీపు ఎవరి జవాబులోనూ లేదు.

గ్రూప్స్_గండం
పిల్లల్ని ఎక్కువ కనమనడం గురించి: 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి ఉంటే పోటీకి అనర్హులు అని పెట్టారు. 1997లో రాష్ట్రం సొంత జనాభా విధానం ప్రకటించింది. 2003లో హర్యానా కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధన చెల్లుతుందంది. 2024 నవంబరులో మన అసెంబ్లీ ఆ నిబంధన ఎత్తేసింది, కారణం ముసలివాళ్లు పెరుగుతున్నారు, కుర్రాళ్లు తగ్గుతున్నారు అని. 1997లోనూ 2024లోనూ ముఖ్యమంత్రి ఒకరే, చంద్రబాబు నాయుడుగారే. అప్పట్లో నేనే తగ్గించమన్నాను, ఇప్పుడు నేనే పెంచమంటున్నాను అని ఆయనే సభల్లో చెప్తుంటారు కాబట్టి ఇందులో దాచేదేం లేదు. మా ఊళ్లో సర్పంచి సీటు కోసం మూడో పిల్లని చెల్లెలి కూతురని రేషన్ కార్డులో ఎక్కించిన ఆయన ఉన్నాడు. ఆ పిల్లకిప్పుడు పద్దెనిమిదేళ్లు, ఇప్పుడు నిబంధన తీసేశారంట.

పాతగణాంకం
నువ్వన్నది ఒక్క ఊరి కథ కాదు నాయనా. మన రాష్ట్రంతో పాటు మరికొన్ని రాష్ట్రాల్లో ఈ నిబంధన మీద అధ్యయనం జరిగింది, భార్యని వదిలేసినవాళ్లు, బిడ్డని దత్తతకిచ్చినవాళ్లు, కడుపు తీయించినవాళ్లు అందులో బయటపడ్డారు. ఎక్కువగా నష్టపోయింది పేదలూ, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల వాళ్లూను.

కాస్త బయటికి చూస్తే, ఇది మనకొక్కరికే కాదు. రుమేనియాలో 1966లో గర్భస్రావం నిషేధించి కనండి కనండి అన్నారు. చైనా వాళ్లు ఒక్కరే చాలన్నారు, 2016 నుంచి ఇద్దరన్నారు, 2021లో ముగ్గురన్నారు. పెంచమన్నా, తగ్గించమన్నా అడిగే చోటు ఒక్కటే, ఆడవాళ్ల కడుపు. మన దేశం 1952లోనే ప్రభుత్వ కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది, ప్రపంచంలో మొదటిది. అమ్మాయ్, నీ సిలబస్‌లో ఈ దేశాలన్నీ ఎందుకున్నాయో తెలిసిందా?

పాడేరు_సంత
అన్నలూ అక్కలూ, మా ఏజెన్సీ మాట కూడా ఒకటి. మీకు సీట్లు తగ్గుతాయని బాధ, మాకు అసలు ఎలా లెక్కపెడతారన్నదే బాధ. మాది గదబ తెగ. ఆదిమ తెగల జనం తగ్గిపోతున్నారని 1979లో మధ్యప్రదేశ్‌లో కొన్ని తెగలకి ఆపరేషన్లు చేయొద్దని ఉత్తర్వులిచ్చారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ తర్వాత, ఇక పిల్లలు వద్దనుకున్న ఆడవాళ్లకి కూడా ఆపరేషన్ చెయ్యం అన్నారు, అడిగినా సరే. కోర్టుకి వెళ్లాల్సి వచ్చింది. ఒకచోట బలవంతంగా చేస్తారు, ఒకచోట బలవంతంగా చేయరు. మధ్యలో ఆ మనిషిని ఏం కావాలని అడిగినవాడు లేడు.

ఇంకోటి, జనగణనలో మతం గడి. ఆరు మతాలకి కోడ్ ఉంది, మా కొండదేవతకి లేదు. పంతులు వచ్చి "హిందూనే కదా" అని రాసుకుపోతాడు. మా నాన్న చాలాసార్లు తలూపాడు.

బడిపంతులు_భీమిలి
ఆ పంతులు నేనే కావచ్చు తమ్ముడూ, క్షమించు. 2011లో ఎన్యూమరేటర్‌గా చేశాను. ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా, బడి అయ్యాక సాయంత్రాలు. మాకిచ్చిన ట్రైనింగ్‌లో గడులు ఎలా నింపాలో చెప్పారు, అడిగినప్పుడు ఎదుటి మనిషి ఆగితే మనమూ ఆగాలని ఎవరూ చెప్పలేదు. నా బ్లాకులో మత్స్యకారుల ఇళ్లున్నాయి. సగం ఇళ్లల్లో మగవాళ్లు లేరు, గుజరాత్ వేరావల్ వైపు బోట్ల మీద. "ఎప్పుడొస్తారమ్మా" అంటే "ఏటో మాస్టారూ, వేట అయ్యాక" అనేవారు. వాళ్లని అక్కడ ఎవరైనా లెక్కపెట్టారా అన్నది నాకిప్పటికీ తెలీదు. భార్య పేరు పక్కన ఇంటి పెద్ద అని రాస్తే ఆవిడ "ఓలమ్మో, ఆయన పేరే రాయండి" అని బతిమాలింది. ఏం రాయాలి? నిబంధన ప్రకారం ఇంటివాళ్లు ఎవరిని పెద్ద అంటే వాళ్లే.

మీ నాన్నగారికి చెప్పమ్మా, లెక్కపెట్టడానికి పంతుళ్లున్నారు నిజమే, మాకు ఆ ఫారం తయారుచేసి ఇచ్చేవాళ్లలో మీలాంటివాళ్లుంటే మా పని బాగుంటుంది.

జగదాంబ_జంక్షన్
సరే సరే, నేను ఓడిపోయాను. కానీ ఉద్యోగం మాటేంటి? ఎవరూ దాని గురించి రాయలేదు.

లాసన్స్‌బే_సాయంత్రం
గుమ్మంలో నిలబడి పిలిచేవాళ్లు లేరు, అది నిజం. సర్వే సంస్థలు, ఆరోగ్య మిషన్‌లో మానిటరింగ్ పోస్టులు, ఎన్జీవోలు, కాంట్రాక్టు ఎక్కువ. పీహెచ్‌డీ చేస్తే బోధన. జీతం మొదట్లో నీ ఐటీ స్నేహితులది చూసి ఏడుపొస్తుంది. ఆర్, స్టేటా అనే గణాంకాల సాఫ్ట్‌వేర్లు రెండూ చేతిలో ఉంచుకో, అవి ఉంటే ఎక్కడైనా బతుకుతావు.

మద్దిలపాలెం_మూడోలైన్
అందరికీ థాంక్స్. ఆ పేపరు తీసుకుంటున్నాను. నాన్నకి పునర్విభజన లెక్క కాగితం మీద కట్టి చూపించాను, 42 కాస్తా 38 అవగానే కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ కట్టమన్నారు. ఆయనే మూడుసార్లు కట్టారు. ఫీజు గురించి ఇంకా మాట్లాడలేదు అనుకోండి.

పెందుర్తి అక్కా, ఒక్కటడగనా. రేపు టర్మ్ పేపరు రాయాల్సొస్తే మీతో మాట్లాడొచ్చా? పేరు రాయను.

పెందుర్తి_ఏఎన్ఎం
రా తల్లీ. బుధవారం, శనివారం మాత్రం వద్దు, ఆ రోజు టీకాలు. వచ్చేటప్పుడు మీ అమ్మని కూడా తీసుకురా.

మద్దిలపాలెం_మూడోలైన్
అడుగుతాను అక్కా. వస్తుందో లేదో.